బొమ్మ పడిపోనాది!

చెక్క తలుపుల టీవీ మొహం తుడిచి, తలుపులు మూసి, మళ్ళీ అనుమానమొచ్చి తెరిచి, మూలన దాక్కున్న దుమ్ముని చిటికెనవేలి గోటితో గీకాడు సోములు. ఆ గదిలో టీవీలు చాలా ఉన్నాయి గానీ ఠీవి ఉన్న టీవీ అదొక్కటే. ఒకప్పుడు వీధి జనమంతా ఎవరిదో వరండాలో కూర్చుని దాన్ని చూసేవారు. ఇప్పుడది తాడు కంచె వెనక కూర్చుని వీధి జనాన్ని చూస్తోంది.

పక్క గది సినిమాలది. గోడల నిండా పోస్టర్లు, మధ్యలో గున్న ఏనుగంత ప్రొజెక్టరు, మూలన ప్లాస్టరుతో చేసిన నిలువెత్తు కథానాయకుడు. ఏ నటుడి పోలికా రాకూడదని శిల్పి మరీ జాగ్రత్తపడటంతో అతనికి బ్యాంకు గుమస్తా పోలిక వచ్చింది. ఆ పక్కది వీడియో గేముల గది. అక్కడ వీడి ఓ గేమూ వాడి ఓ గేమూ కలిసి పొద్దున్నుంచీ కీచుకీచుమంటూనే ఉంటాయి. సోములుకి ఆ గదంటే గౌరవం. మీటలు నొక్కడం రాకపోయినా, అవీ ఆటలే కదా అన్నది అతని వాదన. ఇదే కప్పు కింద ఒకప్పుడు మార్నింగ్ ఆట, మ్యాట్నీ ఆట, ఫస్టాట, సెకండాట అని వరసలో ఆడేవి. ఇప్పుడు అన్ని ఆటలూ ఒక్కసారే ఆడుతున్నాయి. అంటే హాలుకి ప్రమోషన్ వచ్చినట్టే.

ఈ మ్యూజియం ఒకప్పటి భాస్కరా టాకీసే. అరసవల్లి గుడి దగ్గర లాడ్జీల సందు దాటి, ఆటోల తోపులాట దాటితే వస్తుంది. జనం రావడం మానేశాక కొన్నేళ్ళు తాళం మింగి కూర్చుంది. తర్వాత పాత యజమాని మనవరాలు తన్మయి వచ్చి, సినిమాలకీ టీవీలకీ వీడియో గేములకీ కలిపి మ్యూజియం చేసింది. సోములు నోటికి అది 'మూజీం'. "మూసీసినారు కాబట్టి మూజీం" అని నిఘంటువులో లేని అర్థం కూడా చెబుతాడు. పాత ఉద్యోగులలో తిరిగి పిలుపు వచ్చింది అతనికొక్కడికే. పిలవడమే ఉద్యోగంగా బతికినవాడికి పిలుపు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

అవును, పిలవడమే అతని ఉద్యోగం. హాల్లో దీపాలు ఆరి తెర మీద మొదటి వెలుగు పడగానే సోములు గేటు బయటికి వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర, కిళ్ళీ బడ్డీ దగ్గర, సైకిలు స్టాండులో, గోడ పక్కన ఎందుకు నిలబడ్డారో చెప్పకూడని చోట నిలబడ్డ జనానికి వినిపించేలా, రెండు అరచేతులూ నోటికి దోసిలి పట్టి ఒక్క కేక పెట్టేవాడు.

"బొమ్మ పడిపోనాదీ! బేగి రండీ!"

అంతే. పళ్ళెంలో ఉన్న టీ పళ్ళెంలోనే, నోట్లో ఉన్న మాట నోట్లోనే వదిలేసి జనం పరుగెత్తేవారు.

తన్మయి పెరిగింది విజయవాడలో. మ్యూజియం తెరిచిన రోజు లోపలున్న చిన్న హాల్లో పాత బొమ్మేదో మొదలవగానే సోములు పాత అలవాటు కొద్దీ కేకేశాడు. ఆఫీసు గదిలో ఉన్న తన్మయి కాఫీ గ్లాసు విసిరేసి, చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి ప్లాస్టరు కథానాయకుణ్ణి రెండు చేతులా కౌగిలించుకుంది. పెద్దమనుషులంతా చప్పట్లు మానేసి చూశారు.

"పడిపోయిందన్నారు కదండీ!" అంది ఆయాసపడుతూ, భుజం నిండా తెల్లపొడితో.

"పడిపోనాదమ్మా, తెర మీద. బొమ్మ తెర మీద పడకపోతే ఇంకెక్కడ పడతాదీ?" అన్నాడు సోములు.

ఆనాటి నుంచి ఆ పిల్ల సోములు కేకకి అభిమాని అయిపోయింది. ఈ కాలం కుర్రాళ్ళు నచ్చిన ప్రతిదాన్నీ 'కేక' అంటారు. సోములు కేక నిజంగా కేక.

మనిషిని చూస్తే మాత్రం అంత కేక ఎక్కణ్ణుంచి వస్తుందో అంతుపట్టదు. వెదురు కర్రకి ఖాకీ చొక్కా తొడిగినట్టుంటాడు. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళు వాటి వెంట పోయాయి. మెడ మధ్యలో కంఠపు ముడి మాత్రం నూతిలో చేదలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సోములు నోరు పెద్దదైనందువల్ల ఊరంతా హాలు అయింది. పొద్దున్నే గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెండు మిరియపు గింజలు బుగ్గన పెట్టుకుని గానీ అతను ఇల్లు కదలడు. ఈమధ్య వరండా మెట్ల దగ్గర మాత్రం, సగంలో ఆగి రెయిలింగు పట్టుకుని ఊపిరికి ఇంటర్వెల్ ఇస్తున్నాడు.

ఇవాళ ఆదివారం. సూర్యదేవుడి వారం కాబట్టి గుడికి జనం, గుడి నుంచి మ్యూజియానికి జనం. పైగా గేటు దగ్గర పలక మీద తన్మయి సుద్దతో పెద్ద అక్షరాలు రాయించింది: 'మన కళింగపట్నంలో తీసిన చిత్రం. మధ్యాహ్నం ఆట.'

సోములు ఆ పలకని తుడవలేదు, ముట్టుకోలేదు. దాని చుట్టూ తిరిగాడు.

"ఏటి బావా, ఉదయం నుంచీ పలక సుట్టూ పెదచ్చినాలు సేస్తన్నావు?" గేటు పక్క టీ కొట్టులోంచి గంగులు అరిచాడు. భాస్కరా టాకీసు నాటి కొట్టే. గంగులు కూడా ఆనాటివాడే. ఈ ఊళ్ళో సోములుని ఏడిపించే హక్కు సర్వాధికారాలతో అతనొక్కడికే ఉంది.

"సూస్తన్నానురా. అచ్చరాలు బాగున్నాయి."

"అచ్చరాలు నీకొచ్చేటి? ఇవేళ తేలిపోతాది బావా నీ యవ్వారం. నువ్వా, గొర్రా!"

ఈ గొర్రె సంగతి పాతది. అప్పట్లో మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర షూటింగ్ పెట్టారు. పడవ తిరిగొచ్చిందని తెలిసి ఊరంతా ఒడ్డుకి పరుగెత్తే దృశ్యం. జనాన్ని పోగుచేయగలిగారు గానీ పరుగెత్తించలేకపోయారు. మైకు పెట్టి "రన్, రన్" అని అసిస్టెంటు గొంతు చించుకుంటే జనం మర్యాదగా నిలబడి అతన్నే చూశారు. యజమాని వెంట షూటింగు చూడటానికి వెళ్ళిన సోములు ఆ అవస్థ చూడలేక, తడిసిపోతుందని చొక్కా విప్పి, బోర్లించిన తెప్ప ఎక్కి, తనకొచ్చిన ఒకే ఒక్క మాట కేకేశాడు. "బొమ్మ పడిపోనాదీ! బేగి రండీ!" భాస్కరాలో టికెట్టు కొన్న కాళ్ళన్నీ వాటంతటవే లేచాయి. ఇసక తుపాను లేపేశారు. కెమెరా ఆ మొత్తాన్ని తీసుకుంది. సోముల్ని కూడా తీసుకుందని అందరూ చెప్పారు.

చెప్పారు. అదే గొడవ. ఆ దృశ్యం బొమ్మ మొదట్లో, పేర్లు పడుతున్నప్పుడు వస్తుంది. ఆ బొమ్మ మిగతా ఊళ్ళలో బొక్కబోర్లా పడి, ఇక్కడ మాత్రం విరగబడి ఆడింది. కానీ పేర్లు పడే వేళకి సోములు ఎక్కడ ఉంటాడు? గేటు బయట, దోసిట్లో నోరు పెట్టుకుని. ఆఖరి మనిషిని లోపలికి తోసి, తలుపు కర్టెను లాగి వెనక్కి తిరిగేసరికి పేర్లు అయిపోయి హీరోయిన్ నీళ్ళకి బయల్దేరేది. ముగింపుకీ అదే కథ. 'శుభం' పడకముందే పక్క తలుపులు తీయాలి. తలుపులున్నవాడికి తలపులెందుకన్నట్టు, జీవితమంతా తెరకి వీపు తిప్పే బతికాడు. కొన్ని వందల బొమ్మల నడుములు చూశాడు గానీ ఒక్కదాని తలా తోకా చూడలేదు.

చూసినవాళ్ళ సాక్ష్యాలు కలవలేదు. ఒకడు వీపు కనిపించిందన్నాడు. ఒకడు చెవి అన్నాడు. కిళ్ళీ బడ్డీ కూర్మమ్మ, అది సోములు కాదు, తెప్ప మీద నిలబడ్డ గొర్రె అని ఒట్టేసి చెప్పింది. గంగులు మాత్రం నిలువెత్తు మనిషిని చూశానని చెబుతాడు, కానీ గంగులు మాట గంగులే నమ్మడు. ఆ బొమ్మ తర్వాత టీవీలో రాలేదు. పెట్టెలు ఏ గోదాములో చెద పట్టాయో తెలియలేదు. ఇన్నేళ్ళకి ఎవరో సేకరణ చేసే ఆయన దగ్గర ఒక కాపీ దొరికితే తన్మయి తెప్పించింది.

"ఒక్కాట పిలుపు మానీసి లోన కూకోలేకపోనావా బావా అప్పుడు?" గంగులు ఎన్నోసారో అడిగాడు.

"నాను మానీసి కూకుంటే అంతమందికీ పేర్లు పోవా? పేర్లు సూడని బొమ్మ ఏటి బొమ్మరా? తల నేని పెళ్ళికొడుకునాగ! అరసాల్లిలో పేర్లు సూడకుండా బొమ్మ సూసినోడు ఒక్కడున్నాడేటో సూపించు."

గంగులు చూపించలేకపోయాడు. అది నిజం. సోములు గర్వమంతా ఆ నిజం మీదే నిలబడి ఉంది. యజమాని కారు, మేనేజరు సంతకం, ఆపరేటరు చదువు వాళ్ళవాళ్ళవి. ఊరిని మొదటికి తెచ్చి కూర్చోబెట్టే పని తనది.

మధ్యాహ్నం ఆటకి ముందు తన్మయి వచ్చింది.

"సోములు గారూ, ఇవాళ మీరు లోపల కూర్చోవాలి. బయటికి వెళ్ళడానికి వీల్లేదు."

"మరి పిలుపమ్మా?"

"బెల్ ఉంది కదండీ. నొక్కేస్తాను."

సోములు మొహం అద్దం పగిలిన టీవీలా అయిపోయింది. "బెల్లు కొడితే రావడానికి ఇదేటి బడా, గుడా? బడికి బెల్లు, గుడికి గంట, హాలుకి నోరు. ఆ గేముల గదిలో పిల్లగుంటలకి బెల్లు ఇనిపిస్తాదేటి? అందులో ప్రతి పెట్టీ బెల్లే! జనం బైటుండిపోతారు. సగం పేర్లు పోతాయి. వద్దమ్మా. నాను సూడకపోనా పరవానేదు."

ఇంత కాలం ఎదురుచూసిన మనిషి, తలుపు దగ్గరికి వచ్చి వెనక్కి తిరుగుతున్నాడు. బతిమాలితే వినే రకం కాదు. సరిగ్గా అప్పుడే గేటు పక్కనున్న గంపలోంచి మాట లేచింది.

"నాను పిలుస్తాను."

గంప వెనక చిన్నతల్లి ఉంది. సోములు భార్య. భాస్కరా టాకీసు రోజుల నుంచీ అదే గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతోంది. పొట్టిగా, గట్టిగా, తడి ఇసక ముద్దలా ఉంటుంది. అతను జనాన్ని లోపలికి పిలిస్తే, ఆమె వాళ్ళని దారిలో ఆపి పొట్లం చేతిలో పెట్టేది. దేశంలో ఏ సంస్థలోనూ లేనంత సమన్వయం.

"నువ్వేటే పిలిసేది? ఆడకూతురివి, రోడ్డు మీద నిలబడి!"

"ఇన్నాళ్ళూ సెనక్కాయలు ఎలగమ్మినానంటావు మావా? సైగ సేసి అమ్మినానేటి?"

గంగులు కిసుక్కుమన్నాడు. సోములు అతన్ని కాల్చేసేలా చూశాడు.

"దానికో లెక్కుంటాదే. 'పడి' దగ్గర ఊపిరి తియ్యాలి. 'నాదీ' దగ్గర వొదిలీయాలి. 'బేగి' అన్నప్పుడు మనిసి వొంగాలి."

"తెలుసు. నీ పక్కన పడుకున్నదాన్ని. నిద్దట్లో కూడా పిలుస్తావు నువ్వు." చిన్నతల్లి కొంగు నడుముకి దోపింది. గొంతు సవరించింది. రెండు చేతులూ నోటికి పెట్టింది. "బొమ్మ పడిపోనాదీ! బేగి రండీ!"

ఎదురు లాడ్జి మీద పావురాలు లేచాయి. ఆటో స్టాండులో ఒకాయన అలవాటు కొద్దీ బీడీ పారేసి రెండడుగులు ముందుకి వేశాడు. అప్పటికింకా బొమ్మ పడనేలేదు.

సోములు కంఠపు ముడి ఒకసారి పైకెళ్ళి, అక్కడే కాసేపు ఉండి, దిగింది.

"బాగానే ఉన్నాది," అన్నాడు. అతని నోట్లోంచి ఆ మాట రావడం శాసనం రావడంతో సమానం. "పిలిసీసి నువ్వూ బేగి లోనికొచ్చీ. నువ్వూ సూడనేదు కదే."

"వస్తాలే. ఎల్లు. పెద్దమనిసినాగ ఎల్లి కూకో."

పెద్దమనిషిలాగే వెళ్ళాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. చేతితో జుట్టు అణిచాడు. భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు సర్దుకున్నాడు. అతను ఏళ్ళ తరబడి తెరిచి పట్టుకున్న తలుపుని ఇవాళ తన్మయి తెరిచి పట్టుకుంది. వెనక వరసలో కూర్చున్నాడు. కూర్చోవడం రాలేదు. లేచి, మళ్ళీ కూర్చున్నాడు. గంగులు కొట్టు మీద గుడ్డ కప్పి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, గొర్రె తీర్పు వినడానికి.

దీపాలు ఆరాయి. తెర మీద వెలుగు పడింది.

సోములు చేతులు వాటంతటవే నోటి దాకా లేచాయి. బలవంతాన దించి తొడల కింద పెట్టుకున్నాడు.

సముద్రం వచ్చింది. లైట్‌హౌస్ వచ్చింది. సన్నాయిలూ డప్పులూ కలిపి సంగీతం దంచేస్తోంది. పేర్లు మొదలయ్యాయి. ఇసకలో జనం పరుగు. కుడి మూల బోర్లించిన తెప్ప. తెప్ప మీద చొక్కా లేని ఒక కుర్రాడు, వెదురు బొంగులా, రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి.

గొర్రె కాదు. వీపు కాదు. చెవి కాదు. నిలువెత్తు సోములు.

అతని బోసి ఛాతీ మీద 'దుస్తులు' అని అక్షరాలు పడ్డాయి. చొక్కా లేనివాడి మీద దుస్తులు! వెంటనే అవి పోయి, సరిగ్గా అతని నోటికి అడ్డంగా 'శబ్దగ్రహణం' అని వచ్చింది. గ్రహణమే పట్టింది శబ్దానికి. కుర్రాడి నోరు తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి, కేక మాత్రం డప్పుల కింద పడి నలిగిపోయింది. బొమ్మ తీసినవాళ్ళు అతని మొహం తీసుకున్నారు, గొంతు అక్కడే ఇసకలో వదిలేశారు.

అప్పుడు బయట నుంచి, తలుపు కర్టెను దాటి, గేముల కీచులు దాటి వచ్చింది.

"బొమ్మ పడిపోనాదీ! బేగి రండీ!"

తెర మీద తెరుచుకున్న నోరు, గేటు దగ్గర లేచిన కేక, రెండూ కలిశాయి. పెదవి పెదవికి అతికినట్టు కలిశాయి. 'బేగి' దగ్గర తెప్ప మీద కుర్రాడు వంగాడు కూడా. హాలంతా ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత గొల్లుమంది.

"అది నానే!" సోములు లేచి నిలబడ్డాడు. "అమ్మా, అది నానే! ఆ గొంతు మా ఆడదానిది!"

జనం వెనక్కి తిరిగారు. మొదట ఒకరు, ఆ తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. గేముల గది నుంచి పిలుపు విని పరుగెత్తుకొచ్చిన పిల్లలు దేనికో తెలియకుండానే కొట్టారు.

"సెప్పినానా నేదా! నాను సెప్పినానా నేదా!" గంగులు గోడని గుద్దాడు. "ఏటి బావా, పేరొచ్చిందేటి నీకు?"

"నాకు పేరు రాడమేట్రా," అన్నాడు సోములు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "అందరి పేర్లూ నా మీదే పడ్డాయి. మోసినాను."

పేర్లు అయిపోయాయి. హీరోయిన్ నీళ్ళకి బయల్దేరింది. సోములు కూర్చున్నాడు. ఈసారి కూర్చోవడం వచ్చింది. గంగులు బయటికి వెళ్ళిపోయాడు, కూర్మమ్మ ఎక్కడున్నా పట్టుకుని చెప్పాలి కాబట్టి. తన్మయి కళ్ళు తుడుచుకుని ఆఫీసుకి పోయింది. బయట చిన్నతల్లికి ఊపిరి తీసుకునే తీరిక లేదు. గుడి నుంచి బస్సు తర్వాత బస్సు జనం దిగుతూనే ఉన్నారు. పిలిచింది, పొట్లాలు కట్టింది, మళ్ళీ పిలిచింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని "పేర్లు పోయినాయి, కథైనా దక్కించుకోండి" అని కోప్పడి లోపలికి తోసింది. లోపల సీట్లు నిండి, జనం గోడల వెంట నిలబడ్డారు.

పక్క తలుపులు ఎప్పుడూ 'శుభం' కంటే ముందే తెరుచుకుంటాయి. ఇవాళ 'శుభం' వచ్చింది, తెర నిండా నిలిచింది, పోయింది. తలుపులు తెరుచుకోలేదు. జనం చీకట్లో తడుముకున్నారు. ఎవరో గడియ వెతికి తీశారు. ఎండ లోపలికి వచ్చింది. పిల్లలు మళ్ళీ గేముల గదికి, యాత్రికులు మళ్ళీ బస్సుకి వెళ్ళిపోయారు.

చిన్నతల్లి ఖాళీ గంప చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. సోములు వెనక వరసలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, మొహం తెరవైపు.

"మావా, గంప ఖాళీ అయిపోనాది. ఇన్నావా నా పిలుపు?"

భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే ఉంచింది. ఆ తర్వాత పక్కనే నేల మీద, పాత నేల టికెట్టు మనిషిలా, మెల్లగా కూర్చుంది.

గంగులు వచ్చాడు. తన్మయి ఫోను చేస్తోంది. రావలసినవాళ్ళు వచ్చేసరికి చేయగలిగిందేమీ లేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"అమ్మీ," గంగులు ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. "శుభం సూసినాడంటావా?"

చిన్నతల్లి ముందుకి వంగి, అతని చొక్కాకి ఊడిన పై గుండీ మళ్ళీ పెట్టింది. తల ఎత్తి చూసింది. ఆ చూపులో ఏడుపు ఉంది గానీ దాని మీద ఇంకేదో ఉంది, తల వంచనిది.

"సూసే ఉంటాడు. ఊరందరినీ మొదటికి తెచ్చి కూకోబెట్టినోడు, సగంలో లేసి ఎల్లిపోతాడేటి?"

గంగులు తల ఊపాడు. బయట ఎవరో పలక మీద సుద్ద అక్షరాలు చెరిపేస్తున్నారు.

ఆ వరస వెనక జనం గోడకానుకుని, కాళ్ళు మార్చుకుంటూ ఆటంతా నిలబడే చూశారు గానీ, సోములు పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. దాని మీద అతని ఎర్రగళ్ళ తువ్వాలు, ఒక మనిషి కూర్చునేంత వెడల్పున, ముడత లేకుండా పరిచి ఉంది.